గోడ రంగు: నాణ్యత, నిల్వ

ఇంటి గోడలకు వేసే ఎమల్షన్‌లో ప్రధానంగా నీరు, పట్టునిచ్చే యాక్రిలిక్ జిగురు, రంగుపొడి, సుద్ద వంటి పూరకాలు ఉంటాయి. తెలుపుకూ, కింది మరకను కప్పే శక్తికీ మూలం టైటానియం డయాక్సైడ్; ఖరీదైనదీ అదే. అందుకే చౌక డబ్బాల్లో సుద్ద వాటా ఎక్కువ. అలాంటి గోడను ఆరాక రుద్దితే అరచేతికి తెల్లపొడి అంటుతుంది, తడిగుడ్డతో తుడిస్తే రంగే ఊడొస్తుంది. లీటరు ధర కన్నా, ఆ లీటరు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో, ఎన్ని కోటింగులు పడతాయో చూడటమే అసలు లెక్క. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదని భారత ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది. ఆ మాట డబ్బా మీద ఉండాలి.

మూత తీయని ఎమల్షన్ నీడపట్టున కొన్నేళ్లు నిలుస్తుంది. నీళ్లు కలిపి మిగిల్చినది మాత్రం బ్యాక్టీరియా చేరి త్వరగా పాడవుతుంది. మూత తీయగానే కుళ్లు వాసన కొడితే పారేయాల్సిందే. అడుగున పేరుకున్నది కర్రతో కలిపితే కలిసిపోవాలి, విరిగిన పాలలా గడ్డలు తేలితే పనికిరాదు. నూనె రంగైన ఎనామిల్ తీరు వేరు. గాలి తగిలి పైన పొర కడుతుంది. దాన్ని చితక్కుండా అంచుల వెంట కోసి తీసేసి, మిగతాది పల్చటి గుడ్డలో వడకడితే చాలావరకు వాడుకోవచ్చు. వేసవిలో కాగిపోయే రేకుల షెడ్డు ఏ రంగు నిల్వకూ తగదు.