తాయెత్తు, బిళ్ళ, తుపాకి గుండు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టలకు దక్షిణాన అనతి దూరంలోనే గోల్కొండ కోట ఉంది. ఇక్కడ చిత్రీకరణ కోసం ఉత్తుత్తి గుండ్లు పేలుతాయి. అక్కడ 1687లో ఎనిమిది మాసాలపాటు నిజమైన గుండ్లు కురిశాయి. మన యువకులలో పలువురికి మొదటి గుండ్లే బాగా పరిచయం.

1975 నాటి హిందీ చిత్రం ‘దీవార్’లో కథానాయకుని జేబులోని 786 నంబరు కూలీ బిళ్ళ తుపాకి గుండును ఆపుతుంది. ఈ కథనే 1976లో ఎన్.టి. రామారావు నాయకుడుగా ‘మగాడు’ పేర తెలుగులో తీశారు. ‘బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్’ అక్షరాలకు అబ్జద్ లెక్కన వచ్చే మొత్తమే 786. ఆ అంకె గల నోట్లను ఏరి దాచుకునేవారు నేటికీ ఉన్నారు. దాచుకోవడం ముచ్చట, ప్రాణరక్షణగా నమ్మడం వేరు.

పల్చని ఇత్తడి రేకు గుండును ఆపుతుందని నమ్మరాదు. 1912లో మిల్వాకీ నగరంలో థియోడర్ రూజ్‌వెల్ట్‌పై కాల్పులు జరిగినప్పుడు జేబులోని ఉక్కు కళ్ళద్దాల పెట్టె, మడతపెట్టిన 50 పుటల ప్రసంగం కలిసి కూడా గుండు వేగాన్ని తగ్గించాయే గాని ఆపలేకపోయాయి. అది ఆయన మరణం వరకు ఛాతీలోనే ఉండిపోయింది.

మన పూర్వులూ ఈ ఆశకు అతీతులు కారు. ఖుర్ఆన్ యావత్తూ సన్నని అక్షరాలతో వ్రాసిన నూలు చొక్కాలు 15, 16 శతాబ్దాలలో హిందూస్థాన్‌లో తయారయ్యాయి. 1799 మే 4న శ్రీరంగపట్నంలో షహీదైన టిపూ సుల్తాన్ కుడి చేతికి పట్టుగుడ్డలో కుట్టిన తాయెత్తు ఉంది. దేహంపై మూడు గాయాలు, కణతపై ఒకటి ఉన్నాయి.

తాయెత్తు వ్రేలాడదీయడం షిర్క్ అన్న హెచ్చరిక ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఖుర్ఆన్ వాక్యాల తాయెత్తు విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉన్నమాట నిజమే. అయితే ఉహుద్ నాడు దైవప్రవక్త (స) స్వయంగా ఏం చేశారు? ఒకదానిపై ఒకటిగా రెండు ఇనుప కవచాలు తొడిగారు. అయినా ఆయన ముఖం గాయపడింది, పన్ను విరిగింది. అల్లాహ్‌పై భరోసా ఆయన కంటే ఎవరికి ఎక్కువ?

తిరిగి గోల్కొండకు వద్దాం. లంచం తిన్నవాడు తలుపు తెరిచిన రాత్రి అబ్దుర్రజాఖ్ లారీ పిడికెడు అనుచరులతో మొగల్ సేనకు ఎదురు నిలిచాడు. సుమారు 70 గాయాలతో కూలిపోయాడు. ఔరంగజేబు పంపిన వైద్యులు అతనికి చికిత్స చేశారు, అతడు బ్రతికాడు.