స్పామ్‌అసాసిన్: మందగమనం, నివారణ

స్పామ్‌అసాసిన్ మెయిల్ సర్వర్లలో స్పామ్‌ను ఏరే ఉచిత సాఫ్ట్‌వేర్. జస్టిన్ మేసన్ 2001లో విడుదల చేసిన ఈ పెర్ల్ ప్రోగ్రామ్ తర్వాత అపాచీ ప్రాజెక్టుగా మారింది. ప్రతి మెయిల్‌ను అనేక నియమాలతో పరీక్షించి మార్కులు వేస్తుంది. మామూలు అమరికలో మొత్తం 5కు చేరితే స్పామ్‌గా లెక్కిస్తుంది.

కారణాలు: ఆలస్యానికి తరచుగా మూలం డీఎన్‌ఎస్. పంపిన సర్వర్ ఐపీ చిరునామా బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో ఆరా తీసినప్పుడు జవాబు రాకపోతే, గడువు తీరేదాకా మెయిల్ ఆగిపోతుంది. అప్పుడు ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా క్యూ పెరుగుతుంది. ఏకకాలంలో నడిచే ప్రాసెస్‌లు మితిమీరి ర్యామ్ నిండితే, సర్వర్ డిస్కులోని స్వాప్‌ను వాడుకుంటూ మరింత నెమ్మదిస్తుంది. స్పామ్ గుర్తులను నేర్చుకుని దాచే బేయస్ డేటాబేస్ లాక్ కోసం ప్రాసెస్‌లు పోటీపడటం మరో కారణం.

నివారణ: ముందుగా ఒక మెయిల్‌ను డీబగ్ మోడ్‌లో నడిపి, ఏ దశలో ఆగుతోందో చూడాలి. డీఎన్‌ఎస్ జవాబులను దాచుకునే రిజాల్వర్‌ను అదే సర్వర్‌లో పెట్టుకోవాలి. ఎందుకంటే పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా వచ్చే ప్రశ్నలను కొన్ని బ్లాక్‌లిస్టులు తిరస్కరిస్తాయి. ప్రతి మెయిల్‌కూ పెర్ల్‌ను కొత్తగా మొదలుపెట్టకుండా, ఎప్పుడూ నడుస్తుండే స్పామ్‌డీకి పని అప్పగించాలి. ప్రాసెస్‌ల సంఖ్యను ర్యామ్‌కు తగ్గట్టు కుదించాలి. ఎస్‌ఏ-కంపైల్‌తో నియమాలను ముందే కంపైల్ చేస్తే ప్రాసెసర్ భారం తగ్గుతుంది.