వెండితెర మీద చిన్నబోయిన భీమ్

2024 మే 31. రోహిణి కార్తె ఎండలు మండుతున్నాయి, బడులు తెరవడానికి ఇంకా రోజులున్నాయి. పిల్లల సినిమాకి అంతకంటే మంచి అదను దొరకదు. ఆ రోజు ‘ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్’ థియేటర్లకి వచ్చింది. పదహారేళ్లుగా టీవీలో బొమ్మగా గంతులేస్తున్న పిల్లవాడిని ఈసారి నిజం మనిషిగా చూపించారు. భీమ్‌గా యజ్ఞ భాసిన్, గురు శంభుగా అనుపమ్ ఖేర్, పాములాంటి స్కంధిగా మకరంద్ దేశ్‌పాండే. దర్శకుడు ఎవరో బయటివాడు కాదు, భీమ్‌ని పుట్టించిన రాజీవ్ చిలకే. ఇంత అనుకూలం ఉండి కూడా సినిమా నిలబడలేదు. భీమ్ బొమ్మ ఉన్న సంచీ తగిలించుకుని బడికి వెళ్లిన పిల్లలు దేశమంతా కోట్లలో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆ సినిమా వచ్చిందనే గమనించలేదు.

ఇది తెలుగు నేల మీద పుట్టిన బొమ్మ. అందుకే ఈ ఓటమి నాకు బాధ కలిగించింది. ఎక్కడ తేడా వచ్చిందో తెలియాలంటే బొమ్మ ఎలా పుట్టిందో ముందు చూడాలి.

చిలక కంప్యూటర్ సైన్సు చదువుకున్న మనిషి. అమెరికాలో కాన్సస్ సిటీలో మాస్టర్స్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకుని, అది వదిలేసి శాన్ ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకున్నాడు. 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టాడు. అప్పటికి మన దేశంలో యానిమేషన్ అంటే ఎక్కువగా విదేశీ కంపెనీలకు చేసిపెట్టే కూలిపని. బొమ్మలు మనవాళ్లు కదిలిస్తారు, కథా పాత్రా వాళ్లవి. సొంత పాత్ర పుట్టించి టీవీకి అమ్ముతానంటే నమ్మేవాళ్లు తక్కువ. ‘విక్రమ్ బేతాళ్’, ‘కృష్ణ’ లాంటివి చేసుకుంటూ వచ్చి, చివరికి 2008 ఏప్రిల్‌లో పోగో చానల్లో ‘ఛోటా భీమ్’ మొదలుపెట్టాడు.

అసలు ఆవిష్కరణ ఇక్కడుంది. ఆదిపర్వంలో భీముడి బాల్యం చదివినవాళ్లకి తెలుసు, అది ముచ్చటైన బాల్యం కాదు. కౌరవులు పళ్ల కోసం చెట్లెక్కితే వాడు చెట్టు పట్టుకుని ఊపేవాడు, పళ్లతో పాటు వాళ్లూ రాలేవారు. ఆ కక్షతో దుర్యోధనుడు అన్నంలో విషం కలిపి, కట్టేసి గంగలో తోయించాడు. నాగలోకంలో రసం తాగి, వేల ఏనుగుల బలంతో భీముడు తిరిగొచ్చాడు. ఆ ఇంటి గొడవ చివరికి కురుక్షేత్రం దాకా పోయింది.

చిలక ఈ కథలోంచి మూడే మూడు తీసుకున్నాడు: బలం, ఆకలి, బాల్యం. హస్తినాపురం తీసేశాడు, అన్నదమ్ములని తీసేశాడు, విషాన్ని తీసేశాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడు, నారింజ రంగు పంచె, ఢోలక్‌పూర్ అనే ఊరు, ఇంద్రవర్మ అనే రాజు. ఆట పట్టించి ఏడిపించే పని భీముడి చేతిలోంచి తీసి కాలియాకి ఇచ్చాడు. నూరుగురు కౌరవుల బదులు కాలియా, వాడి వెంట ఢోలు, భోలు. వాళ్ల వల్ల ఎవరికీ చావు రాదు, మహా అయితే దెబ్బలు తిని ఇంటికి పోతారు. కక్షని అల్లరిగా మార్చడం చిన్న పని కాదు. ఒక ఇతిహాసం లోంచి పాత్రని పైకి తీసి, ఆ ఇతిహాసపు బరువు దాని మీద పడకుండా బతికించడానికి ధైర్యం కావాలి, చెయ్యి తిరిగి ఉండాలి. చిలకకి రెండూ ఉన్నాయి.

మరి ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? టున్‌టున్ మౌసీ లడ్డూ నుంచి. ఈ మాట చెప్పినప్పుడు బందరు మనిషికి కాస్త గర్వం రావడం సహజం. ఉత్తరాది నుంచి వలస వచ్చిన బొందిలీలు తెచ్చారని మేం చెప్పుకునే తొక్కుడు లడ్డూ మాది. శనగపిండి పూసని నేతిలో వేయించి, రోట్లో దంచి జల్లించి, బెల్లం పాకం పోసి మళ్లీ దంచి, నెయ్యి తగిలించి కడతారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా మేనల్లుడు బందరు లడ్డూ తిన్నప్పుడల్లా చొక్కా చేతులు పైకి మడిచి కండలు చూపించేవాడు. అప్పట్లో ప్రతి ఇంట్లోనూ ఒక భీమ్ ఉండేవాడు.

టీవీ బొమ్మ నుంచి థియేటరుకి మొదటి అడుగు 2012 మేలో పడింది. ఆ సినిమా పేరు కూడా ‘కర్స్ ఆఫ్ దమ్యాన్’. అది బొమ్మల సినిమా. చావు లేకుండా ఉండాలనుకున్న దమ్యాన్ సోనాపూర్ నగరంలో శాపంతో చిక్కుబడి ఉంటాడు. బంగారం ఆశ చూపితే వెళ్లిన పిల్లల వల్ల వాడు బయటపడతాడు. వాణ్ని ఆపడానికి భీమ్ బృందం వెయ్యేళ్లు వెనక్కి పోయి గురు శంభు దగ్గర శిక్షణ పొందుతుంది. చక్కని కథ. పిల్లలకి భయం పుడుతుంది, తప్పు తమవల్లే జరిగిందన్న బాధా పుడుతుంది, దిద్దుకునే దారీ కనిపిస్తుంది. తర్వాతి ఏడాది బాలి ద్వీపం సినిమా, ఆ తర్వాత హిమాలయాలు, 2019లో కుంగ్‌ఫూ. వాటన్నిటి కంటే దమ్యాన్ కథే పిల్లలకి గుర్తుండిపోయింది. కాబట్టి నిజం మనుషులతో తీయాలనుకున్నప్పుడు చిలక మళ్లీ అదే కథ ఎంచుకోవడం అర్థం చేసుకోదగ్గదే.

ఇలాంటి ప్రయత్నం ప్రపంచంలో కొత్త కాదు. జపాన్‌లో అకిరా తోరియామా 1984లో ‘డ్రాగన్ బాల్’ గీయడం మొదలుపెట్టాడు. చైనా వాళ్ల పాత కథలో బౌద్ధ సన్యాసి వెంట పడమటి దిక్కుకి ప్రయాణం చేసే కోతి రాజు ఉంటాడు. గోకు అనే బలశాలి పిల్లవాడు ఆ కోతి రాజులోంచే పుట్టాడు. అక్కడా పాత ఇతిహాసమే, అక్కడా బలమున్న బాలుడే, తిండిపోతుతనం కూడా అదే. 1986 నుంచి టీవీలో వచ్చి తరాల తరబడి నడిచింది. 2009లో హాలీవుడ్ ‘డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్’ అని నటులతో తీసి, గోకుని అమెరికా హైస్కూలు కుర్రాణ్ని చేసింది. తాను చెప్పిన సలహాలు వాళ్లు పట్టించుకోలేదని తోరియామా తర్వాత బాహాటంగానే అన్నాడు. స్క్రిప్టు రాసిన బెన్ రామ్‌సే 2016లో అభిమానులకి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ నిరాశ తోరియామాని మళ్లీ తన పాత్రల దగ్గరికి తెచ్చింది. 2013లో వచ్చిన ‘బ్యాటిల్ ఆఫ్ గాడ్స్’ బొమ్మల సినిమా కథలో ఆయన స్వయంగా చెయ్యి పెట్టాడు.

గోకు విషయంలో పాత్రని అర్థం చేసుకోని బయటివాళ్లు పాడుచేశారని చెప్పుకోవచ్చు. భీమ్ విషయంలో ఆ మాట చెల్లదు. సృష్టికర్త తానే, దర్శకుడు తానే, కథ తనదే, ప్రేమకీ లోటు లేదు. అయినా ఫలితం ఒకటే అయింది. అంటే చిక్కు ప్రేమలోనో అవగాహనలోనో లేదు. ఇంకా లోపల, బొమ్మ పనిచేసే తీరులోనే ఉందని నా నమ్మకం.

టీవీ భీమ్ 2డీ బొమ్మ. తల వేరు, చేయి వేరు, కాలు వేరు, అన్నీ ముక్కలుగా గీసి కీళ్ల దగ్గర కదిలిస్తారు. మన తోలుబొమ్మ కూడా ఇంతే. మేకతోలు ముక్కలని కీళ్ల దగ్గర దారంతో కుట్టి, తెర వెనక పుల్లలతో ఆడిస్తారు. భీముడి గద ఊగిందంటే చెయ్యి మొత్తం గిర్రున తిరుగుతుంది. అలా ఏ మనిషి చెయ్యీ తిరగదని చూసేవాళ్లందరికీ తెలుసు, ఎవరూ అడగరు. గీత ఒక ఒప్పందం చేసుకుంటుంది: నేను సగమే చూపిస్తాను, మిగతా సగం నువ్వు నింపుకో అని. ఢోలక్‌పూర్‌లో రాక్షసుడు ఒక్క గుద్దుకి కొండ అవతల పడితే పిల్లలు నవ్వుతారు. తొమ్మిదేళ్ల చేతికి అంత బలమేమిటన్న అనుమానం వాళ్ల మనసులోకి రాదు.

అదే గుద్దు నిజం పిల్లవాడు గుద్దితే కన్ను కొలతలు వేయడం మొదలుపెడుతుంది. ఆ చెయ్యి ఎంత, ఈ రాక్షసుడు ఎంత, వెనక ఉన్న కోట నిజమా, కంప్యూటర్ పెట్టిందా. 2024 సినిమాలో నాకు జరిగింది ఇదే. మనుషులు నిజం, వాళ్ల చుట్టూ ఉన్నది అబద్ధం, మాట్లాడే మాటలు మాత్రం బొమ్మల మాటలు. మూడూ మూడు చోట్ల నిలబడ్డాయి. ఇందులో భీమ్‌గా వేసిన అబ్బాయి తప్పు ఇసుమంత కూడా లేదు. ‘పంగా’లో కంగనా రనౌత్ కొడుకుగా చేసినప్పుడు అందర్నీ ఆకట్టుకున్నది వాడే. గీసిన భీమ్‌కి ఎప్పటికీ తొమ్మిదేళ్లే. నిజం పిల్లవాడు పెరుగుతాడు. ఆ పోలిక పసివాడి నెత్తిన పెట్టడమే అన్యాయం.

అయితే నిజం మనుషులతో ఇలాంటి కథ అసాధ్యమా? కృష్ణా జిల్లావాళ్లం ఆ మాట ఒప్పుకోకూడదు. 1957లో ‘మాయాబజార్’ చూపించింది భీముడి కొడుకునే. ఘటోత్కచుడు కూర్చుని పెళ్లివారి భోజనం ఖాళీ చేసే పాటలో లడ్డూలు తమంతట తామే లేచి నోట్లోకి పోతాయి. మాధవపెద్ది సత్యం గొంతు, ఎస్.వి. రంగారావు దేహం, మార్కస్ బార్ట్లీ కెమెరా. ఇవాళ్టికీ పసివాళ్లు ఆ పాట చూసి చప్పట్లు కొడతారు. రంగారావుది నూజివీడు. కృష్ణుడిగా వేసిన ఎన్.టి. రామారావుది నిమ్మకూరు, అభిమన్యుడిగా వేసిన అక్కినేనిది గుడివాడ దగ్గర రామాపురం, సంగీతం చేసిన ఘంటసాలది చౌటపల్లి. మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు బందరు జాతీయ కళాశాలలో చదివి, ఇక్కడి నాటక సమాజానికి నాటకాలు రాసి చెయ్యి సాధించినవాడు.

వాళ్లకి కంప్యూటర్ లేదు, నాటకం ఉంది. రంగారావు ఘటోత్కచుణ్ని సహజంగా చేయలేదు. నడక, మీసం, నవ్వు, గద పట్టిన తీరు అన్నీ గీసినట్టు పెద్దవి చేశాడు. ఆయన చుట్టూ ఉన్న సెట్టు, మాట, పాట కూడా అదే కొలతకి పెరిగాయి. ఎవరూ మామూలు మనిషిలా నిలబడి మనల్ని లెక్కలు వేయనివ్వలేదు. మొవ్వ పక్కన కూచిపూడిలో ఇది తరతరాల విద్య. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ ముందుకు వేసుకుని వస్తే చూసేవాళ్లకి మగవాడు కనిపించేవాడు కాదు. రంగస్థలం మొత్తం కలిసి ఒప్పుకుంటేనే అలాంటి నమ్మకం నిలుస్తుంది.

ఆ ‘మాయాబజార్’కి దర్శకుడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, అది వచ్చి యాభై ఏళ్లు దాటాక ‘ఘటోత్కచ్’ పేరుతో బొమ్మల సినిమా తీశాడు. అది 2008లో, ఛోటా భీమ్ టీవీలోకి వచ్చిన ఏడాదే వచ్చింది. ఏ కథ ఏ పద్ధతిలో చెప్పాలో ఎరిగినవాడు కాబట్టి, నటులతో తీసినదాన్ని మళ్లీ నటులతో తీసే ప్రయత్నం ఆయన చేయలేదు.

చిలక దగ్గర కూడా ఆ తెలివి లేకపోలేదు. 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’ చూడండి. భీమ్‌ని ఇంకా చిన్నవాణ్ని చేసి, పాకే పసిబిడ్డని చేశారు. మాటలు పూర్తిగా తీసేశారు. బిడ్డ, లడ్డూ, అల్లరి అంతే. అలా తగ్గించుకున్న బొమ్మ భాష అడ్డం లేకుండా దేశాలు దాటింది. హస్తినాపురాన్ని తీసేసి ఢోలక్‌పూర్ కట్టిన చెయ్యే ఇందులోనూ కనిపిస్తుంది. 2024 దమ్యాన్ సినిమాకి వచ్చేసరికి మాత్రం ఆ చెయ్యి తీసివేయడం మానేసి చేర్చడం మొదలుపెట్టింది: పెద్ద నటులు, పెద్ద కోటలు, పెద్ద మాయలు. పైగా పిల్లలకి ఎప్పుడో కంఠతా వచ్చిన కథ. 2012లో తొమ్మిదేళ్లున్నవాడికి 2024లో ఇరవై ఒకటి. వాడికి తన దమ్యాన్ గుర్తున్నాడు, కొత్త దమ్యాన్ అక్కర్లేదు.

నాకు ఇంకో కొరత కూడా ఉంది. హైదరాబాదులో తెలుగువాడు పుట్టించిన భీమ్ మొదటి నుంచీ హిందీలోనే ఆలోచిస్తాడు. ఊరు ఢోలక్‌పూర్, పిన్ని స్థానంలో మౌసీ. దేశమంతా చూసే చానల్ కాబట్టి అప్పట్లో అది తప్పలేదు, ఒప్పుకుంటాను. ఇప్పుడా బలవంతం లేదు. తెలుగు సినిమాని ఉత్తరాదివాళ్లు డబ్బింగులో ఎగబడి చూస్తున్న కాలమిది. గ్రీన్ గోల్డ్ మళ్లీ నటులతో భీమ్ తీయాలనుకుంటే కథ ముందు తెలుగులో రాయించాలి. సురభివాళ్ల ‘మాయాబజార్’ నాటకం ఆడుతున్న చోట మొదటి వరసలో కూర్చుని, తెర మీద మంటలూ మాయలూ చేతులతో ఎలా పుట్టిస్తారో దర్శకుడు చూడాలి. భీమ్‌కి కొత్త కథ కావాలంటే ఆదిపర్వంలో నాగలోకం అలాగే ఉంది, వాణ్ని అక్కడికి తీసుకెళ్లి రసం తాగించవచ్చు. నటులు ముంబై నుంచి రానక్కర్లేదు. గుడివాడ, బందరు, అవనిగడ్డ బడుల వార్షికోత్సవాల్లో గద పట్టుకుని పద్యం పాడే పిల్లలు ఏటా కనిపిస్తూనే ఉంటారు.