కటుకరోహిణి సాగు: హిమాలయ వాలుల ఔషధ పంట

కటుకరోహిణి హిమాలయాల్లో సుమారు 3,000 మీటర్లకు పైన పెరిగే బహువార్షిక ఔషధ మొక్క. హిందీలో కుట్కి అంటారు. శాస్త్రీయ నామం పిక్రోరైజా కుర్రోవా. కాశ్మీర్ నుంచి సిక్కిం వరకు కనిపిస్తుంది. మొక్క జానెడు ఎత్తుకు మించదు. ఆకుల అంచులు రంపంలా ఉంటాయి. వేసవి చివర లేత ఊదా, నీలి రంగు పూల కంకులు వేస్తుంది.

ఉపయోగాలు
నేలలో పాకే దుంపవేరు చాలా చేదుగా ఉంటుంది. కాలేయ సంబంధ మందుల్లో దీన్ని వాడతారు. ఆరోగ్యవర్ధిని వటిలో ఇదే ప్రధాన మూలిక.

సాగు ఎందుకు?
దుంప తవ్వితే మొక్క పోతుంది. విచ్చలవిడిగా తవ్వడం వల్ల కొండల్లో ఇది బాగా తగ్గిపోయింది. 1997లో దీన్ని సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. అనుమతి లేకుండా ఎగుమతి చేయరాదు. అందుకే ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్ రైతులు పొలాల్లో పండిస్తున్నారు.

సాగు పద్ధతి
• చల్లని వాతావరణం, నీరు నిలవని ఇసుక గరప నేల కావాలి.
• మాగిన పశువుల ఎరువు లేదా అడవి ఆకుల ఎరువు వేసి మడులు చేయాలి.
• విత్తనం చాలా సన్నం. అందుకే వేర్లున్న పిలక ముక్కలు నాటడం తేలిక.
• మంచు కరిగాక గానీ, వానల మొదట్లో గానీ అడుగు దూరంలో నాటాలి.
• కలుపు తీస్తూ, నేల ఆరిపోకుండా తడి ఇవ్వాలి.

కోత
పిలకలు నాటిన పంట రెండు, మూడేళ్లకు చేతికొస్తుంది. శరదృతువులో ఆకులు ఎండాక తవ్వాలి. కొన్ని పిలకలు తిరిగి నాటడానికి ఉంచుకోవాలి. దుంపలను నీడలో బాగా ఆరబెట్టాలి. తడి ఉంటే బూజు పడుతుంది. పొలంలో పండించినదని చూపే కాగితాలు దగ్గర పెట్టుకోవాలి.

తెలుగు రైతులకు సూచన
ఈ పంట మన ఎండలకు తట్టుకోదు. ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల శిఖరాలు కూడా 1,700 మీటర్లకు చేరవు. దిగుబడి తామే కొంటామని చెప్పి ఎవరైనా మొక్కలు అంటగడితే తీసుకోవద్దు. చేదు మూలికలే పండించాలనుకుంటే మన నేలలకు సరిపోయే నేలవేము ఉంది. దానికైనా ముందు కొనుగోలుదారును చూసుకున్నాకే నారు పోయండి.