అలకనందా లోయలో అడవి హక్కు

వనసంరక్షణము వేరు, వనమును ఆశ్రయించి బ్రదుకువారి హక్కు వేరు అని తలచువారికి హిమాలయములందలి అలకనందా లోయ చరిత్ర తగిన సమాధానము చెప్పుచున్నది.

బ్రిటిషు ప్రభుత్వము 1878లో చేసిన అటవీ శాసనము అడవులను రిజర్వులుగా విభజించెను. తరతరములుగా గ్రామస్థులకు హక్కుగానున్న మేతయు, వంటచెరకును దొరతనమువారి దయాభిక్ష లయ్యెను. కుమావూన్ ప్రాంతమున 1921లో ప్రజలు దీనిపై తిరుగబడిరి. 1931లో వన పంచాయతీల నియమములు వెలువడెను. హక్కు కొంత మరలివచ్చినను, పెద్ద అడవులు మాత్రము కాంట్రాక్టరుల గొడ్డలి పాలయ్యెను.

1970లో అలకనందకు వచ్చిన వరద పొలములను, వంతెనలను, ఇండ్లను తుడిచిపెట్టెను. చెట్టు లేని కొండచరియ నీటిని నిలుపజాలదని గ్రామస్థులు గ్రహించిరి. 1973లో వ్యవసాయపు పనిముట్లకై కలప కోరినవారికి లేదని చెప్పి, ఆటవస్తువుల కంపెనీకి చెట్లను కేటాయింపగా, మండల్ గ్రామమున చిప్కో ఉద్యమము తలయెత్తెను. 1974 మార్చి 26న, పురుషులు ఊర లేని వేళ, రేణీ గ్రామమున గౌరాదేవి వెంట ఇరువదియేడుగురు స్త్రీలు చెట్లకు అడ్డునిలిచి కూలీలను మరలించిరి. ఆ అడవి తమకు పుట్టినిల్లని ఆమె పలికినట్లు ప్రసిద్ధి. పిదప ప్రభుత్వము నియమించిన సంఘము గ్రామస్థుల వాదమునే బలపరచెను; అలకనంద ఎగువ పరీవాహకమున పదియేండ్లపాటు చెట్లు నరకుట నిషిద్ధమయ్యెను.

కాని కథ అంతటితో ముగియలేదు. 1982లో నందాదేవి జాతీయవనము ఏర్పడగా, ఆ అడవిని కాచినవారికే దాని ద్వారము మూతపడెను, పచ్చికబయళ్ళు దూరమయ్యెను. అటవీహక్కుల చట్టము 2006లో గాని రాలేదు. ఇంతలో రేణీ చెంతనే జలవిద్యుత్కేంద్రము వెలసెను. దాని నిర్మాణమున పేలుడు పదార్థములు వాడుచున్నారని 2019లో గ్రామమునుండి హైకోర్టుకు ఫిర్యాదు వెళ్ళెను. 2021 ఫిబ్రవరి 7న కొండకొమ్మునుండి శిలయు మంచును విరిగిపడి ఋషిగంగ ఉప్పొంగగా, ఆ కేంద్రము కొట్టుకొనిపోయెను. దిగువ లోయతో కలిపి రెండువందలకు పైగా జనులు మరణించిరి, లేదా గల్లంతైరి. శిల విరుగుటకు కేంద్రము కారణమని చెప్పరాదు. కాని అంతటి అపాయస్థలమున అంతమంది కూలీలను నిలిపినది మనుష్యుల నిర్ణయమే.

స్వచ్ఛమైన పరిసరము మానవహక్కని 2022లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ప్రకటించెను. ఆ మాట కాగితముపై నిలువక కొండమీద నిలువవలెనన్నచో, అభివృద్ధి ఎచ్చట, ఎంత అను ప్రశ్నకు ఆ కొండపై బ్రదుకువారి సమ్మతియే మొదటి ప్రమాణము కావలెను. ఏ గ్రంథమును చదువకయే నదీస్వభావము నెరిగినవారు రేణీ స్త్రీలు. వారి మాట వినబడిన నాడు అడవి నిలిచినది. వినబడని నాడు అడవియు వారికి దూరమైనది, అభివృద్ధియు నిలువలేదు.