అడగడం అయిపోయాక

మునగపాక ఇంకా నిద్రలోనే ఉంది. బెల్లం వాసన మాత్రం అప్పుడే లేచింది. సంక్రాంతి వెళ్లిపోయినా చేలల్లో చెరకు నిలబడే ఉంది. శారదా నది వైపు నుంచి మంచు కమ్ముకొస్తోంది. పేటలో ఒక మామ్మగారింటి వసారాలో దుప్పటి చెవుల దాకా లాక్కుని మీరు పడుకుని ఉన్నారు. లోపల చాప పరిచిన చప్పుడైంది. లైటు వెయ్యలేదు.

"నాయనా..."

వినకూడదని అటు తిరుగుతారు. అయినా వినిపిస్తుంది. కొడుకు, కోడలు, మనవలు, మోకాలు నొప్పి, వడ్డీ డబ్బులు, సంఘం, అయ్యగారి కుటుంబం, ఊరు, ఏలేవాళ్లు. ఆదివారం మందిరంలో మీరు వినే వరుసే ఇది. చివర ఆమెన్ రావాలి. రాదు. మామ్మ నిద్రపోయిందేమో అనుకుంటారు. గొంతు మళ్లీ మొదలవుతుంది, ఈసారి తగ్గు స్థాయిలో, తీరుబాటుగా.

"నిన్న పక్కింటిదానితో మాటా మాటా వొచ్చీసింది. తప్పు నాదే, నువ్వు సూసే ఉంటావు. అయినా అదీ తక్కువది కాదులే."

చిన్న నవ్వు. తరువాత చాలాసేపు మాటే లేదు. లేచి వెళ్లిన అలికిడీ లేదు.

స్టీలు గ్లాసులో టీ పట్టుకొచ్చినప్పుడు అడిగేస్తారు: "అడగాల్సినవన్నీ అడిగేశాక ఇంకా ఏం చేస్తారు మామ్మా అంతసేపూ?"

"విన్నావేటి?" అని కళ్లు పెద్దవి చేసింది గానీ కోపం లేదు. "ఆడపిల్ల పుట్టింటికి డబ్బుల కోసమే వొత్తాదేటి బాబూ? దానికోసమూ వొత్తాది. ఇచ్చీసినాక ఎలిపోదు కదా. రెండ్రోజులు కూకుంటాది."

రోడ్డు మీద హారన్. అచ్యుతాపురం వెళ్లే బ్రాండిక్స్ కంపెనీ బస్సు. కోడలు క్యారేజీ చంకన పెట్టుకుని పరుగు. తనకి అత్తలా దేవుడితో మాటలాడటం రాదట. కిటికీ పక్క సీటు దొరికితే కళ్లు మూసుకుని ఊరుకుంటుందట. మామ్మ దాన్ని ప్రార్థన కిందే లెక్కేస్తుంది. నేనూ అంతే. మన కూడికల్లో మైకు పెరిగేకొద్దీ ఈ ఊరుకోవడం తగ్గిపోయింది. గట్టిగా అడిగేవాడికే విశ్వాసం ఉన్నట్టు, జవాబు వచ్చినవాడిదే సాక్ష్యమైనట్టు అలవాటు పడ్డాం. జవాబు రాని ఇళ్లలోనూ తెల్లవారకుండానే చాపలు పరుస్తున్నారు. వాళ్లను ఎవరూ మైకు దగ్గరికి పిలవరు.

మామ్మ తలగుడ్డ చుట్టుకుని బయల్దేరింది. మీరూ వెనకాలే నడుస్తారు. గట్టు మీద మంచుకి చెప్పులు జారుతున్నాయి. నడుస్తూనే పురుషోత్తమ చౌధురి కీర్తన ఒకటి కూనిరాగం తీస్తోంది. 1803లో పుట్టి 1890లో పోయిన మనిషి. ఆయన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి, పుస్తకం చదవడం రాని మామ్మ నోట్లోనూ ఉన్నాయి. బైబిలు వాక్యం తెలుగులోకి నడిచొచ్చిన దారి కూడా ఇక్కడికి దగ్గరే మొదలైంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి తోడుతో సువార్తల్ని తెలుగు చెయ్యడానికి కూర్చున్నారు. 1810కల్లా ఆ ఇద్దరు దొరలూ మట్టిలో కలిశారు, అచ్చయిన పుస్తకం చూడకుండానే.

వాళ్లు తెలుగు చేసిన వాటిలో మార్కు సువార్త ఒకటి. దాని మొదటి అధ్యాయంలోనే, ముందు రోజు సాయంత్రం ఊరంతా రోగుల్ని మోసుకుని గుమ్మం ముందు మూగుతుంది. మర్నాడు తెల్లారకుండానే యేసు లేచి, ఎవరూ లేని చోటికి పోయి ప్రార్థనలో ఉంటాడు. అందరూ నీకోసం వెతుకుతున్నారని సీమోను వెంటపడి వస్తాడు. అక్కడ ఆయన తండ్రితో ఏం మాట్లాడాడో మార్కు ఒక్క ముక్క రాయలేదు. ఆ రాయకపోవడం నాకు భలే ఇష్టం.

బెల్లం పాక దగ్గరికి వచ్చేశారు. గానుగ గొంతు మీ మాటల్ని మింగేస్తోంది. పెద్ద పెనంలో రసం మరుగుతుంటే, సున్నం వేసినప్పుడు పైకి తేలిన మడ్డిని ఒకతను జల్లెడ గరిటెతో తీసి పారేస్తున్నాడు. మామ్మ పని ఎండిన పిప్పి పొయ్యిలోకి ఎగదోయడం. మంట తగ్గితే పాకం దెబ్బతింటుంది, ఎక్కువైతే మాడుతుంది, కాబట్టి కళ్లు పొయ్యి మీదే. పెదవులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. పొగకి దగ్గొచ్చినప్పుడు ఆగి, మళ్లీ అందుకుంటోంది. పొద్దున్న చాప మీద వదిలిన చోటునుంచే అని మీకు అనిపిస్తుంది.

పెనం దగ్గరతను గరిటె ఆపకుండానే కేకేశాడు. "మామ్మా! ఈయేడు బెల్లం రేటు ఏటవుద్దో మీ యేసయ్యనడుగు!"

"రేటు సంగతి నానడగను. నీ సంగతి రోజూ సెప్తన్నాను."

పాకలో ఉన్న నలుగురూ గొల్లుమన్నారు. అతను ఒక్క క్షణం తడబడి, "ఏటి సెప్తన్నావు నా గురించి?" అన్నాడు.

మామ్మ ఇంకో మోపు పిప్పి పొయ్యిలోకి తోసింది.

"అది మా ఇద్దరి మజ్జినా."