రంగం దారి: తేయాకు కంపెనీలు చేసిన సాయం



ఈ మధ్య ఏ సెమినార్‌కి వెళ్ళినా ఒక మాట వినబడుతోంది. వలస కూలీలని, నిర్వాసితుల్ని ఆదుకోవడంలో ప్రైవేటు రంగాన్ని భాగస్వామిని చేయాలట. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు పాతకాలం వాళ్ళకి ‘రంగం’ అంటే రంగూన్. ‘మా తాత రంగమెల్లిపోనాడు’ అంటే కలింగపట్నంలోనో బారువలోనో ఓడెక్కి బర్మా పోయాడని అర్థం. ఈ రెండు రంగాలకీ పాత చుట్టరికమే ఉంది. ఈ భాగం దాని గురించే.

ప్రైవేటు కంపెనీలు మన వలసలో కొత్తగా చేరాల్సిన పనేమీ లేదు, మొదటి రోజు నుంచీ ఉన్నాయి. ఓడ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. రంగూన్లో బియ్యం మిల్లు స్టీల్ బ్రదర్స్‌ది. రేవులో సరుకు దించే కాంట్రాక్టు దొరల స్టీవడోర్ కంపెనీలది. వీళ్ళకీ మన వాడలకీ మధ్య మేస్త్రీ. వాడే అడ్వాన్సిచ్చి ఓడెక్కిస్తాడు, అక్కడ కూలి డబ్బుల్లోంచి కోసుకుంటాడు. కంపెనీ లెక్కల్లో కూలీ పేరు ఉండక్కర్లేదు, మేస్త్రీ పేరుంటే చాలు. 1931 జనగణన నాటికి బర్మాలో పది లక్షల పైచిలుకు భారతీయులుంటే, అందులో తెలుగువాళ్ళు సుమారు లక్షా అరవై వేలు. ‘కొరంగీలు’ అనేవారు మనల్ని, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. రేవు మోత, మిల్లు పని, రిక్షా లాగడం మనవాళ్ళవే. నగరం పాకీ పని అంటరాని కులాలది. సముద్రం దాటితే కులం పోతుందని బ్రాహ్మలు భయపడ్డారు. మనం సముద్రం దాటినా మన పని మాత్రం మనతోనే దాటింది.

1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీల్ని దించాయి. తర్వాత మనవాళ్ళతో రాజీ కుదరగానే వాళ్ళని పొమ్మన్నాయి. మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. పేదోడికీ పేదోడికీ తగువు పెట్టిన కంపెనీలకి ఏమీ కాలేదు.

ఇక 1942. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. కూలీ జనం ప్రోమ్ రోడ్డు పట్టారు. రేవూ ఊరి శుభ్రతా ఆగిపోతాయని ప్రభుత్వం చాలామందిని నచ్చజెప్పి వెనక్కి రప్పించింది. ఈ ఒక్క సంగతి మీద పుస్తకం రాయొచ్చు. పాకీవాడు లేకపోతే నగరం ఒక్క వారం బతకదని యుద్ధం వచ్చాక తెలిసింది. తెలిశాక వాడిని కాపాడలేదు, ఆపారు. టికెట్టు కొనగలిగినవాళ్ళు ఓడలో, పలుకుబడి ఉన్నవాళ్ళు విమానంలో పోయారు. మిగతావాళ్ళు నడిచారు. ఒక దారి టాంగప్ కనమ మీదుగా చిట్టగాంగ్‌కి, ఒకటి తమూ మీదుగా మణిపూర్‌కి, ఒకటి హుకాంగ్ లోయ గుండా అస్సాంకి. మొత్తం ఐదు లక్షలమంది దాకా బర్మా వదిలారంటారు. దారిలో కలరాకీ మలేరియాకీ ఆకలికీ పోయినవాళ్ళు తక్కువలో తక్కువ పదివేలు, యాభై వేలు దాటతారన్న అంచనాలూ ఉన్నాయి. మణిపూర్ దారిలో దొరలకి వసతులున్న బాట, నల్లవాళ్ళకి వేరే బాట. నెహ్రూ అప్పుడే అస్సాం వెళ్ళి ఈ వివక్షని బయటపెట్టాడు.

సరిగ్గా ఇక్కడే సెమినార్ వాళ్ళు చెప్పే ‘భాగస్వామ్యం’ వస్తుంది. ప్రభుత్వానికి చేతకాలేదు. కలకత్తాలోని ఇండియన్ టీ అసోసియేషన్‌ని పిలిచింది. తేయాకు కంపెనీలు తోటల నుంచి కూలీల్ని, మేనేజర్లని పంపాయి. రోడ్లేశారు, దారి పొడవునా మజిలీలు కట్టారు, బియ్యం మోశారు, టీ కాచి పోశారు. వేలమంది ప్రాణాలు నిలబడ్డాయి. ఇది నిజం, నిజాన్ని తక్కువ చేయను. గైల్స్ మాక్రెల్ అనే తేయాకు కంపెనీ దొర ఏనుగుల్ని తీసుకెళ్ళి, 1942 జూన్‌లో పొంగుతున్న దఫా నది దాటించి, సుమారు 200 మందిని బతికించాడు. జార్జ్ మెడల్ ఇచ్చారు. ఆయన తీసిన ఫిల్ము ఇప్పటికీ కేంబ్రిడ్జ్‌లో ఉంది. అందులో ఏనుగుల మీద మావటీలు కనిపిస్తారు. మెడల్ దొరది.

ఆ తోటల కూలీలు మాత్రం ఎవరు? ఛోటా నాగ్‌పూర్ ఆదివాసులతో పాటు గంజాం, విశాఖ జిల్లాల నుంచి అస్సాం తోటలకి తరలించిన జనం కూడా. అంటే కలింగపట్నంలో ఓడెక్కిన వలసవాడికి, రైలెక్కి అస్సాం పోయిన వలసవాడు దారి వేశాడు. కంపెనీ సాయం అని చరిత్రకెక్కింది ఆ చెమటే. ఎవరైనా వాళ్ళని ‘వస్తావా’ అని అడిగారా?

నా డాక్టరేట్ తెలుగు సాహిత్యంలో. అందుకని ఇంకో బాధ. రంగూన్ పేరు సోమరాజు రామానుజరావు ‘రంగూన్ రౌడీ’తో నాటకం ఎక్కింది. ఆ కొండల్లో నడిచిన మాల మాదిగల నడక మాత్రం మాకు పాఠం చెప్పిన ఏ సిలబస్‌లోనూ లేదు.

తర్వాత కథ 1960లది. నెవిన్ ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేశాక మళ్ళీ మనవాళ్ళు ఓడల్లో దిగారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆనాటి పేరే. 1969లో కేంద్రం వీళ్ళకోసం మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టింది. కేంద్రం, దక్షిణాది రాష్ట్రాలు, తిరిగొచ్చినవాళ్ళు అందులో వాటాదార్లు. నాకు తెలిసిన భాగస్వామ్యాల్లో కాస్త మర్యాదైనది ఇదే, ఎందుకంటే నష్టపోయినవాడికి అందులో వాటా ఉంది. కానీ ‘బర్మా కాందిశీకుడు’ అనిపించుకోవాలంటే 1963 జూన్ 1 తర్వాత వచ్చి ఉండాలి. ఓడలో వచ్చినవాళ్ళు లెక్కలోకొచ్చారు. ఇరవై ఏళ్ళ ముందు కాలినడకన వచ్చినవాళ్ళు ఏ లెక్కలోకీ రాలేదు.

1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు మీద ఒక బాధ్యత పెట్టింది: ఊరు వదిలినందుకు నెల జీతంలో సగం స్థానభ్రంశ భత్యం, తిరిగి తీసుకోకూడనిది. ఎంతమందికి ముట్టిందో మన వీధిలో అడిగితే తెలుస్తుంది. 2020 కోడ్‌లో ఆ భత్యం ఊసే లేదు. అదే ఏడు లాక్‌డౌన్‌లో గుజరాత్ వెరావల్ రేవులో, బోట్ల మీదే చిక్కుకుపోయిన మన మత్స్యకారులు నాలుగు వేలకి పైగా బస్సుల్లో ఇళ్ళకొచ్చారు. బస్సులు ప్రభుత్వాలు పెట్టాయి. వాళ్ళు పట్టిన చేపని విదేశాలకి అమ్మిన కంపెనీలు ఎన్ని బస్సులు పెట్టాయో, భాగస్వామ్యం గురించి మాట్లాడేవాళ్ళు చెప్పాలి.

మీ ఇళ్ళల్లో రంగం నుంచి వచ్చిన ఉత్తరం, ఓడ టికెట్టు, మేస్త్రీ రాయించుకున్న కాయితం ఏదున్నా ఫొటో తీసి భద్రం చేయండి. ముసలాళ్ళు ఉంటే ఫోన్లో వాళ్ళ గొంతు రికార్డు చేయండి, బేగి. వచ్చే భాగం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు.